ఉపకులపతి గారూ, ఈసారి లేఖను ఖాళీల లెక్కతో మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారాలు.

విద్యా సంవత్సరం చివర ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి గారు విద్యార్థులను, తల్లిదండ్రులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి రాసిన లేఖ ఈమధ్య మా మనవరాలి ఫోనుకు వచ్చింది. ఆ పిల్ల దాన్ని వేలితో రెండుసార్లు పైకి జరిపి, "తాతయ్యా, ఇది నీకు పనికొస్తుందేమో చూడు" అని ఫోను నా చేతిలో పెట్టి తన పని మీద తాను వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైబడి డిగ్రీ తరగతులకు తెలుగు పాఠం చెప్పి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న వాణ్ని. చేతికి వచ్చిన కాగితాన్ని ఆసాంతం చదవనిదే వదలలేని అలవాటు ఇంకా పోలేదు. చదివాను. ఆరు పుటల ఇంగ్లీషు లేఖ అది. సాధించిన ఘనతలకు మూడు పుటలు, సమాజంతో కలిసి జరిపిన కార్యక్రమాలకు రెండు పుటలకు పైగా దక్కాయి. ఎదురైన ఇబ్బందులకు దక్కింది ఒకే ఒక్క వాక్యం: వనరులు పరిమితంగా ఉన్నా అందరి సహకారంతో ముందుకు సాగుతున్నామని.

ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. అది మా నెల్లూరు, ప్రకాశం జిల్లాలది కాదని మాత్రం చెప్పగలను. లేఖ రాసిన పెద్దమనిషి మీద నాకు కోపం కూడా లేదు. అందులో పేరు తీసేసి మరో విశ్వవిద్యాలయం పేరు పెట్టినా అక్షరం మార్చనక్కర్లేకుండా సరిపోతుందే అన్నదే నా బాధ. మా జిల్లాల ఉపకులపతులు రాయబోయే లేఖలు అలా ఉండకూడదని, వారు ఏడాదికొకసారి ఇక్కడి ప్రజలకు తెలుగులో లెక్క అప్పజెప్పాలని, ఆ లెక్క కష్టాలతో మొదలు కావాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి కొంత ఎక్కువైంది. మన్నించి, కత్తిరించక తప్పనిచోట మాత్రమే కత్తిరించండి.

మా ప్రాంతానికి విశ్వవిద్యాలయం నిన్నమొన్నటి దాకా దూరపు చుట్టమే. నెల్లూరులో వెంకటగిరి రాజా వారి కళాశాల 1920లోనే ఏర్పడింది. కావలిలో జవహర్ భారతి 1951లో వచ్చింది. కానీ పట్టా మీద సంతకం పెట్టే ఊరు ఎప్పుడూ ఇక్కడికి దూరంగానే ఉండేది. 1954 సెప్టెంబరులో, టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. నెల్లూరు జిల్లా కళాశాలలు చాలాకాలం దాని నీడన నడిచాయి. ఒంగోలు వైపు వారికి 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం దిక్కయింది. కావలిలోనూ ఒంగోలులోనూ ఉన్నవి ఆ పెద్ద విశ్వవిద్యాలయాల పీజీ కేంద్రాలు మాత్రమే. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, 2022లో ఒంగోలుకు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చాక గాని మా పిల్లలకు తమ విశ్వవిద్యాలయం అని చెప్పుకోవడానికి ఒకటి దొరకలేదు. ప్రకాశం గారి హయాంలో తిరుపతికి విశ్వవిద్యాలయం వస్తే, ఆయన పుట్టిన జిల్లాకు ఆయన పేరిట విశ్వవిద్యాలయం రావడానికి అరవై ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట.

ఇంత ఆలస్యంగా దగ్గరికి వచ్చిన చుట్టం బాగోగులు తెలుసుకోవాలని ఎవరికి మాత్రం ఉండదు? ఉదయగిరి, వింజమూరు, వరికుంటపాడు వంటి మెట్ట మండలాల నుంచి బస్సు పాసు మీద చదువుకునే పిల్లల ఇళ్లలో విశ్వవిద్యాలయం గురించి తెలిసేది రెండే సందర్భాల్లో: ఫీజు కట్టాల్సిన తేదీ వచ్చినప్పుడు, ఫలితాలు ఆలస్యమైనప్పుడు. లోపల ఏం జరుగుతోందో, ఏది బాగుందో, ఏది ఎందుకు బాగాలేదో వాళ్లకు నేరుగా చెప్పే మనిషి లేడు. ఆ మనిషి ఉపకులపతే కావాలి.

ఇది కొత్త చాకిరీ కాదు. విశ్వవిద్యాలయాలు ఏటా వార్షిక నివేదిక తయారు చేస్తూనే ఉన్నాయి. విద్యాసంస్థల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ గుర్తింపు ఉన్న సంస్థ ఏటా నాణ్యతా నివేదిక ఒకటి పంపాలి. సమాచార హక్కు చట్టం, 2005లోని నాలుగో సెక్షను, ప్రజలు అడగకముందే ప్రభుత్వ సంస్థలు తమ వివరాలు తామే వెల్లడించాలని చెబుతోంది. అంటే అంకెలన్నీ రిజిస్ట్రారు గారి కార్యాలయంలో ఇప్పటికే ఉన్నాయి. అయితే అవి ఇంగ్లీషులో, తనిఖీకి వచ్చేవారి కోసం గళ్లు గీసిన నమూనాల్లో ఉన్నాయి. ఆ గళ్లు నింపేవారికీ వాటిని చదివి మార్కులు వేసేవారికీ తప్ప మూడో మనిషికి అవి అర్థం కావు. అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. భారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన నడయాడిన సింహపురిలో, ఒక విద్యాసంస్థ తన సంగతులు తెలుగులో రాయాలని 2005 నాటి చట్టాన్నీ 1966 నాటి చట్టాన్నీ గుర్తుచేయాల్సి రావడం నా బోటి తెలుగు మాస్టారికి కాస్త చిన్నతనంగానే ఉంది.

ఇక ఆ లేఖలో ఏముండాలన్న సంగతి. నా లెక్కలో మొదటి పుట మొత్తం అధ్యాపకులదే. విశ్వవిద్యాలయానికి మంజూరైన ఆచార్య, సహ ఆచార్య, సహాయ ఆచార్య పోస్టులు ఎన్ని, అందులో శాశ్వత నియామకం మీద పనిచేస్తున్నది ఎందరు, కాంట్రాక్టు మీద ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు అన్నది శాఖల వారీగా చెప్పాలి. రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధనా పోస్టుల భర్తీకి 2023 అక్టోబరులో ప్రకటనలు వెలువడ్డాయి. అవి న్యాయస్థానంలో చిక్కుకున్నాయి. ఒక్కసారే అన్ని వేల పోస్టులకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎన్నేళ్లుగా పదవీ విరమణలు జరుగుతూ పోయాయో, వాటి స్థానంలో ఎవరూ రాకుండా ఎన్ని కుర్చీలు దుమ్ము పట్టాయో వేరే చెప్పనక్కర్లేదు.

అధ్యాపకుడు లేకపోతే పాఠం ఆగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పాఠం ఆగదు. అతిథి అధ్యాపకుడు వచ్చి చెబుతాడు, చాలాసార్లు బాగానే చెబుతాడు. ఆగేది పరిశోధన. పీహెచ్‌డీకి మార్గదర్శకత్వం వహించే అర్హత శాశ్వత అధ్యాపకుడికే ఉంది. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ఆచార్యుడు ఒకే సమయంలో ఎనిమిది మందికి, సహ ఆచార్యుడు ఆరుగురికి, సహాయ ఆచార్యుడు నలుగురికి మించి పర్యవేక్షకుడిగా ఉండకూడదు. ఒక శాఖలో ఒక ఆచార్యుడు, ఒక సహాయ ఆచార్యుడు మాత్రమే మిగిలారనుకోండి. ఆ శాఖ ఎంత పేరున్నదైనా పన్నెండు మందికి మించి పరిశోధక విద్యార్థులను చేర్చుకోలేదు. ఆ ఆచార్యుడు పదవీ విరమణ చేసిన నాడు ఆ సంఖ్య నాలుగుకు పడిపోతుంది. పరిశోధక విద్యార్థులు లేకపోతే పరిశోధన పత్రాలు లేవు, పత్రాలు లేకపోతే న్యాక్‌లో మార్కులు లేవు, మార్కులు లేకపోతే కేంద్రం నుంచి వచ్చే నిధులు అంతంతమాత్రం, నిధులు లేకపోతే ప్రయోగశాలలో పరికరం పాడైతే బాగుచేసే దిక్కు లేదు. ఇంత పెద్ద గొలుసు ఒక్క ఖాళీ కుర్చీకి కట్టి ఉంది. తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. చెబితే అర్థం కాక కాదు. మెట్ట రైతుకు ఒక బోరు ఎండితే ఎన్ని ఎకరాలు ఎండుతాయో ఇంకొకరు లెక్కకట్టి చెప్పాలా?

అతిథి అధ్యాపకుల సంగతి కూడా ఆ పుటలోనే రావాలి. వారికి ఒక్కో పాఠానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు చెల్లించవచ్చని యూజీసీ 2019లో నిర్ణయించింది. అది పైకప్పు. కింద ఎంత ఇస్తున్నారు, సెలవు నెలల్లో వాళ్లు ఏం తిని బతుకుతున్నారు అన్నది ఏ నివేదికలోనూ నా కంట పడలేదు. నా దగ్గర చదువుకుని, పీహెచ్‌డీ పూర్తిచేసి, పదేళ్లకు పైగా అతిథి అధ్యాపకుడిగా ఉంటున్న శిష్యుడొకడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, "మాస్టారూ, పదేళ్లు ఉంటే అతిథి అనరు, ఇల్లరికం అంటారు" అన్నాడు. నవ్వాం గాని, ఇల్లరికపు అల్లుడికైనా వేసవిలో భోజనం పెడతారు.

ఖాళీలు నింపడం ఉపకులపతి చేతిలో లేదని నాకు తెలియక కాదు. పోస్టు మంజూరు చేసేది ప్రభుత్వం, డబ్బు ఇచ్చేది ప్రభుత్వం, ఆగితే ఆగేది కోర్టులో. ఉపకులపతి మూడేళ్ల కోసం వచ్చిన మనిషి. వచ్చిన ఏడాది ఊరు తెలుసుకోవడానికి, వెళ్లే ఏడాది సామాను సర్దుకోవడానికి పోతే, మిగిలిన నడిమి ఏడాదిలో ఆయన ఏం చేయగలడన్న జాలి కూడా నాకుంది. కానీ చేయలేనిది చేయలేనని చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి? "ఇన్ని పోస్టులు ఖాళీ, ఫలానా తేదీన ప్రభుత్వానికి రాశాను, ఇంతవరకు జవాబు లేదు" అని మూడు ముక్కలు రాస్తే, ఆ ముక్కలు పట్టుకుని శాసనసభ్యుణ్ని అడిగేది జిల్లా ప్రజలు. మౌనంగా ఉంటే నేరం మొత్తం ఆయన నెత్తినే పడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో, ఉప్పు సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా పదవినే వదులుకున్నారు. 1936లో మళ్లీ అదే పదవిలోకి వచ్చి 1949 దాకా ఉన్నారు. ఇప్పటివారిని రాజీనామా చేయమని నేను అనను, అనకూడదు కూడా. ఒక పేరా రాయమంటున్నాను, అంతే.

అడ్మిషన్ల విషయంలోనూ ఇదే సూటితనం కావాలి. పీజీ ప్రవేశాలకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది. అప్పటినుంచి పేదపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సీటు అవసరం రెట్టింపు అయింది. అయినా కొన్ని కోర్సుల్లో సీట్లు మిగిలిపోతున్నాయన్న మాట అన్ని చోట్లా వింటున్నాం. ఏ కోర్సులో ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, మధ్యలో ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు వెతికిన ఉపకులపతికి, మిగతా మూడింటికీ జవాబు తనంతట తానే దొరుకుతుంది. దానికి తోడు 2023-24లో చేరిన వారి నుంచి నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ వచ్చింది. మూడేళ్లకే పట్టా పుచ్చుకుని రెండేళ్ల పీజీలో చేరాలా, నాలుగో ఏడు కూడా చదివి ఏడాది పీజీతో సరిపెట్టుకోవాలా, నాలుగో ఏడు తమ కళాశాలలో అసలు ఉంటుందా అని పిల్లలూ పెద్దలూ తలలు పట్టుకుంటున్నారు. మా వీధిలో ఒక తండ్రి నన్ను అడిగితే, రిటైరై ఇన్నేళ్లయిన నేను తెలిసీ తెలియని జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ జవాబు చెప్పాల్సింది నేను కాదు.

పరీక్షలు, ఫలితాలు, పట్టాల గురించి ఎక్కువ రాయను. దాని గురించి మీ పత్రికలో ఏటా వస్తూనే ఉంటుంది. విద్యార్థి అర్హత సాధించిన 180 రోజుల్లోగా పట్టా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనల్లో ఉందని మాత్రం గుర్తుచేస్తాను. స్నాతకోత్సవంలో గౌనులు తొడుక్కున్న పిల్లల ఫొటోలు ఎప్పుడూ బాగుంటాయి. వాటి కింద, "వీరు ఉత్తీర్ణులైన రోజు ఇది, పట్టా చేతికి వచ్చిన రోజు ఇది" అని రెండు తేదీలు వేస్తే ఇంకా బాగుంటాయి. విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌పర్సన్‌ను నియమించాలని 2023 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన చెబుతోంది. ఆ పదవిలో ఎవరున్నారు, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, అది సంతోషించాల్సిన సంగతో, ఆ పదవి ఉన్నట్టే పిల్లలకు తెలియలేదేమో అని అనుమానించాల్సిన సంగతో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

ఘనతల గురించి రాయవద్దని నేను అనడం లేదు. ముందు కష్టం చెప్పిన మనిషి తర్వాత చెప్పే ఘనతను జనం నమ్ముతారు. అయితే దేన్ని ఘనత అనాలో కాస్త ఆలోచించాలి. న్యాక్ నాలుగు పాయింట్ల మీద ఎంత వచ్చిందో చెప్పండి. అంతకుముందు ఎంతో కూడా చెప్పండి. 2016 నుంచి కేంద్రం ఏటా ఇస్తున్న ర్యాంకుల్లో స్థానం దొరికితే చెప్పండి; ఒక జాబితాలో దొరక్కపోతే మరో జాబితాను వెతికి అందులో స్థానం వచ్చిందని సంబరపడవద్దు. ఈమధ్య ప్రతి విశ్వవిద్యాలయం ప్రపంచంలో తొలి రెండు శాతం శాస్త్రవేత్తల పట్టికలో తమవారు ఉన్నారని ప్రకటించుకోవడం రివాజైంది. ఉంటే గర్వించాల్సిందే. ఆ శాస్త్రవేత్త ఏం కనుగొన్నారో ఊరివాడికి అర్థమయ్యే రెండు వాక్యాల్లో చెబితే మేమూ గర్విస్తాం. అవగాహన ఒప్పందాల సంగతీ అంతే. పుష్పగుచ్ఛాలు, ఫైళ్లు చేతులు మారుతున్న ఫొటో చూసి ఒప్పందం కుదిరిందని తెలుస్తోంది. ఆ ఒప్పందం పుణ్యమా అని మన పిల్లల్లో ఒక్కరైనా ఆ సంస్థ గడప తొక్కారో లేదో తెలియడం లేదు. మేం ఘనత అనుకునేది వేరే ఉంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కిన పిల్ల అధ్యాపక ఉద్యోగాల అర్హత పరీక్ష నెట్ పాసైందనుకోండి, చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసే తండ్రి కొడుకు భూగర్భశాస్త్రంలో ఎంఎస్సీ చేశాడనుకోండి, ఆ కబురు లేఖలో మొదటి ఘనతగా రావాలి.

ఇక సమాజంతో కలిసి జరిపే కార్యక్రమాలు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. నేను చదివిన ఆ లేఖలో రెండు పుటలకు పైగా ఉన్నవి దినాలు: యోగా దినం, పర్యావరణ దినం, ఓటర్ల దినం, మాతృభాషా దినం. ప్రతి దినానికి ఒక బ్యానరు, ఒక ర్యాలీ, బ్యానరు వెనుక నలభై మంది పిల్లలు. మా రోజుల్లోనూ చీపుళ్లు పట్టుకుని ఫొటోలు దిగాం. చీపుళ్లు కొత్తవి కావడం వల్ల ఫొటో బాగా వచ్చేది. ఆ తప్పులో నాకూ వాటా ఉంది కనుకనే చెబుతున్నాను. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది వాలంటీర్లతో మొదలైనప్పుడు, గాంధీ శతజయంతి ఏడాదిలో పెద్దలు తలపెట్టింది వేరు. ఒక్కో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల శిబిరం చేయాలి. ఈ లెక్కన వంద మంది వాలంటీర్లు ఉన్న ఒక కళాశాల, శిబిరాన్ని పక్కనపెట్టినా, రెండేళ్లలో ఊరికి 24,000 గంటల పని బాకీ పడుతుంది. అంత పనితో ఎంత మార్పు రావాలి? వచ్చిందా?

మా జిల్లాల్లో ఆ గంటలు ఖర్చుపెట్టడానికి చోటు కరువు కాదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులు తరాలుగా ఉన్నారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా మాత్రమే అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఆ కొలత తీయడానికి రసాయనశాస్త్ర శాఖలో ఉండే పరికరం చాలు. ఒక మండలంలోని ప్రతి బోరు నీటినీ ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఎంఎస్సీ పిల్లలు పరీక్షించి, ఏ బోరు నీళ్లు తాగవచ్చో ఏవి తాగకూడదో ఊరి రచ్చబండ దగ్గర పెయింటుతో రాసి వస్తే, అది నీటి దినం ర్యాలీ కంటే మిన్న. ఆ పిల్లలకు ప్రాజెక్టు రిపోర్టు, ఊరికి ఉపకారం, ఉపకులపతి గారి లేఖకు ఒక నిజమైన పేరా, మూడూ ఒక్క పనితో అమరుతాయి.

తీరానికి వస్తే, ముత్తుకూరు నుంచి కావలి దాకా రొయ్యల గుంటలు. విదేశీ రకమైన వనామి రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక సాగు ఇంకా పెరిగింది. వ్యాధి వస్తే రైతు ముందుగా పరిగెత్తేది మందుల కొట్టుకు. కొట్టువాడు ఇచ్చిన మందు యాంటీబయాటిక్ అయితే తర్వాత విదేశాల్లో సరుకు తిరస్కరించే ప్రమాదం. జీవశాస్త్రాలు చదివే పిల్లలు వారానికి ఒక రోజు ఒక ఊళ్లో గుంటల నీళ్లు పరీక్షించి, లవణీయత, కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా ఎంతుందో రైతుకు చీటీ మీద రాసిస్తే చాలు. పొదలకూరు నిమ్మ రైతుకు, ఒంగోలు పొగాకు రైతుకు వాణిజ్యశాస్త్ర శాఖ ఏం చేయగలదో ఆ శాఖవారే ఆలోచిస్తారు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం పొడుగునా వాన కుమ్మరించి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, వాలంటీర్లు తీసుకున్న శిక్షణ అక్కరకు వచ్చే సమయం అది. తుపాను మాకు ఏటా వచ్చే చుట్టం. వచ్చే తుపానుకు మా విశ్వవిద్యాలయ వాలంటీర్లలో ఎందరికి ప్రథమ చికిత్స తెలుసు, ఎందరికి ఈత వచ్చు అన్న లెక్క లేఖలో ఉంటే, దాన్ని కత్తిరించి ఇంట్లో దాచుకుంటాను.

ఉత్సవాలు అక్కర్లేదని కాదు. మొహర్రం మాసంలో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. అక్కడ దారి చూపే పని, తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరకు చేర్చే పని వాలంటీర్లకు అప్పగిస్తే అంతకు మించిన సామరస్య దినోత్సవం ఉంటుందా? ప్రకాశం పంతులు గారి జయంతి ఆగస్టు 23, తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29. వారం తేడాలో రెండు సందర్భాలు. ఒంగోలులో ఒకటి, నెల్లూరులో ఒకటి పంచుకుని, ఉపకులపతులు ఆ రోజుల్లో తమ లేఖను ప్రజల ముందు చదివితే ఎంత బాగుంటుంది!

నా స్నేహితుడొకరు, ఆయన కూడా పాత ప్రిన్సిపాలే, నా ఆలోచన విని తల అడ్డంగా ఊపాడు. "కష్టాలు బయటపెడితే చేరేవాళ్లు చేరరు, పక్క జిల్లాకు పోతారు, కొత్త విశ్వవిద్యాలయాలు నిలదొక్కుకోవు" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ చేరిన పిల్లకు అధ్యాపకుడు లేడన్న సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఆమె దాన్ని ఇంటికి ఫోన్ చేసి చెబుతుంది. ఆ ఇంటి నుంచి అది ఊరంతా పాకుతుంది. దాచినదాన్ని అలా తెలుసుకున్న ఊరు, మరుసటేడు ఆ విశ్వవిద్యాలయం చెప్పే మంచి మాటను కూడా నమ్మదు. ముందే, "ఈ శాఖలో ఇద్దరే ఉన్నారు, అందుకని ఈ ఏడాది ఈ రెండు పాఠ్యాంశాలు పక్క శాఖవారు చెబుతారు, ఫలానా కళాశాల నుంచి ఒకరిని తెస్తున్నాం" అని చెప్పారనుకోండి. చేరేవాళ్లు తెలిసే చేరతారు, చేరినవాళ్లు నిలబడతారు. రెండోది, మా జిల్లాల నుంచి చదువుకుని పైకి వచ్చినవారు దేశదేశాల్లో ఉన్నారు. పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్తారు. ఏ శాఖకు ఏ పరికరం లేదో, ఏ హాస్టల్లో ఏ గది కురుస్తోందో వారికి చెప్పింది ఎవరు? శాలువాకు బదులు ఆ చిట్టా చేతికిస్తే, పదిమందిలో ఇద్దరైనా జేబులో చెయ్యి పెడతారు.

నా విన్నపం చిన్నది. విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల ఉపకులపతులు ఏటా ఆగస్టులో నాలుగు పుటలకు మించని తెలుగు లేఖ ఒకటి విడుదల చేయాలి. మొదటి పుట ఖాళీలకు, రెండోది ప్రవేశాలకు, ఫలితాలకు, ఫిర్యాదులకు, మూడోది ఊళ్లకు చేసిన పనికి, నాలుగోది ఘనతలకు. అనుబంధ కళాశాలల నోటీసు బోర్డుల్లో, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా గ్రంథాలయాల్లో దాన్ని అంటించాలి. వీలైతే మీ పత్రిక జిల్లా పుటలో దాన్ని యథాతథంగా అచ్చు వేయాలి. చదివినవారు ప్రశ్నలు రాసి పంపడానికి రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకరిని కేటాయిస్తే, వచ్చే ఏడాది లేఖలో మొదటి పేరా ఆ ప్రశ్నలకు జవాబులతోనే మొదలుపెట్టవచ్చు.

కావలి శాఖా గ్రంథాలయానికి నేను రోజూ ఉదయం వెళ్తాను. ఆగస్టు నుంచి నోటీసు బోర్డు కూడా చూస్తుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.